డబ్బీ మీద ఆయన పేరు

కొరియా దక్షిణ తీరంలో ఒక చిన్న ఆసుపత్రి. పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకు డబ్బీలో ఇచ్చిన మలంలో రక్తం కనిపించిందని ముసలాయనను పిలిపించారు. భార్య పక్కనే కూర్చుంది.

“లేవండి, నర్సు పిల్ల మీ పేరు పిలుస్తోంది.”

“పిలవనీ. గొట్టం వేసి చూస్తారట. నాకెందుకు?”

“రక్తం కనిపించింది కదండీ.”

“ఆ డబ్బీలో ఉన్నది నాదేనా, సంగిల్ అమ్మా?” కొడుకు పేరుతోనే ఆయన భార్యను పిలుస్తాడు.

“మెల్లిగా. జనం వింటారు.”

“ఆ పొద్దున నాకు సిగ్గేసి డబ్బీ నీ చేతిలో పెట్టాను. నువ్వే నింపావు.”

“నింపమన్నది మీరేగా. తలుపు బయట నిలబడి తొందరపెట్టారు కూడా.”

“రక్తం సంగతి నీకు ముందే తెలుసా?”

“నాకు వేసవి నుంచీ పడుతోంది. కిమ్చీ పచ్చడి కారమేమో అనుకున్నాను.”

“నాతో ఒక మాట అనొద్దూ?”

“మీది మీరే చూసుకోలేని మనిషి. మీతో నాదెలా చెప్పను?”

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“పద. లోపలికి వెళ్లాల్సింది నువ్వు.”

“అక్కడ నా పేరు లేదుగా. ఏమని చెప్తారు?”

“జరిగిందే చెప్తాను. నాకో కొత్త డబ్బీ కూడా అడుగుతాను.”

“ఆ నర్సు పిల్ల నవ్వుతుందండీ.”

“నవ్వనీ. నవ్వాక నీ పేరు రాసుకుంటుంది.”