రావ్నా అత్త ప్లగ్గు

లాగకు ఇంక, కిర్స్తీ. ఆ మంచు స్కూటరు తాడన్నా తెగుతుంది, నీ భుజమన్నా ఊడొస్తుంది. పొద్దున్నించీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, తాతా ఒకసారి రావా అంటే నీ నోటి ముత్యాలేం రాలవు కదా. ఆ స్పార్క్ ప్లగ్గు విప్పుకుని లోపలికి రా. తెచ్చావా? ఇటివ్వు. అబ్బ, పెట్రోల్లో స్నానం చేయించేశావు దీనికి. తుడిచిస్తాలే, కూచో. దొడ్డి దగ్గర వెలుగొచ్చేదాకా ఎవరూ రెయిన్‌డీర్ల మందని కదపరు, నాకు తెలుసు. కాఫీలో ఆ జున్నుముక్క వేసుకుని తాగు. రాత్రి బండిని ఎక్కడ పెట్టావు? బయటేనా? మంచిది, అదొక్కటీ తెలివిగా చేశావు. లోపల పెట్టి ఉంటే ఇవాళ్టికి నీ పని అయిపోయినట్టే. మా రావ్నా అత్త అదే చేసింది, మొదటి ఏడాది.

నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మా నాన్న చెల్లెలు. మంచు మీద పోయే స్కూటర్లు మన వైపు కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు స్కీల మీద పోయి మందని తోలుకొచ్చేవాళ్ళం. ఆవిడ మొగుడు హెయిక్కా అందరికంటే ముందు ఒక బండి కొన్నాడు, పసుపురంగుది, దబ్బపండులా ఉండేది. కొన్న ఏడాదే, సరస్సు ఇంకా సరిగ్గా గడ్డకట్టకముందు వలలు చూడబోయి అందులోనే పోయాడు. నడిచి వెళ్ళాడు కాబట్టి బండి మిగిలింది. అదే అనేది అత్త, ఆయన మునిగాడు, ఇది మిగిలింది అని. ఏడుస్తూ కాదు, తిడుతూ. ఆవిడకి ఏడవడం కంటే తిట్టడం సుళువు.

ఇంక మరిది మిహ్కల్ దిగాడు. రోజూ వచ్చి పొయ్యి దగ్గర కూచునేవాడు. గొంతు ఇలా సన్నగా చేసి, "వదినా, నీ మందని నా మందలో కలిపెయ్, తిండికి లోటు చేస్తానా? ఆ బండి కూడా నాకిచ్చెయ్. ఆడది తాడు లాగితే అది పలకదు" అనేవాడు. అత్త పొయ్యిలో కట్టె తోస్తూ, "నీ పెళ్ళాం పిలిస్తే నువ్వు పలుకుతావా మరిదీ, నీకంటే ఇదే నయం" అనేది. నవ్వుతున్నావు గానీ అది నవ్వులాట కాదు. మందలో కలిపితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. పెద్ద పశువుల చెవులకి ఆవిడవని చెప్పే కత్తిగాటు ఉంటుంది సరే, మరి దూడలు? దొడ్డిలో తల్లి వెనక నడిచే దూడకి, అక్కడ నిలబడ్డ వాడి గాటే పడుతుంది. నువ్వు లేకపోతే ఉన్నవాడిది. అలా పోనిస్తే ముసలివి చస్తాయి, కొత్తవి మిహ్కల్‌వి అవుతాయి, ఆవిడ చెవిగుర్తు ఈ కొండల మీద లేకుండా పోతుంది. గుర్తు లేనివాళ్ళకి మన దగ్గర మాట ఉంటుందా? కాఫీ కాచి పెట్టడానికి ఉంటారు, అంతే.

సరే, ఆ చలికాలం మంద దొడ్డికి వస్తోందని కబురొచ్చింది. ముక్కులో వెంట్రుకలు సూదులయ్యే చలి. అత్త ఏం చేసింది? మంచులో పుట్టిన బక్కదూడని మనం ఏం చేస్తాం, ఇంట్లోకి తెచ్చి పొయ్యి దగ్గర పడుకోబెడతాం కదా. అలాగే బండిని లాక్కొచ్చింది. నేనూ మా నాన్నా తలుపు ఊడదీసి సాయం పట్టాం. తోలు కప్పింది, బతిమాలింది. వెచ్చబడే కొద్దీ బండి ఒళ్ళంతా చెమట, బొట్లు బొట్లుగా నీళ్ళు కారాయి. "పాపం, కరుగుతోంది, ఆయన పోయాక ఇప్పటికి ఏడుస్తోంది" అంది. అదిగో, మన వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు అలాంటి పని. పొద్దున్న బయటికి తోశాం. ఆ నీళ్ళన్నీ పెట్రోలు పోయే సన్నదారిలో గడ్డకట్టాయి. ఇంక లాగు. నేను లాగాను, నాన్న లాగాడు, అత్త కాలు తన్నిపెట్టి లాగింది. దగ్గు కూడా లేదు. స్కీలేసుకుని ఆవిడ దొడ్డికి చేరేసరికి అంతా అయిపోయింది. దూడలన్నిటికీ మిహ్కల్ గాటు. "దిక్కులేకుండా తిరుగుతుంటే జాలేసి కోశా వదినా" అన్నాడు. ఆవిడ ఒక్కో దూడ చెవీ పట్టి చూసి, స్కీలేసుకుని వెనక్కి తిరిగింది, కిర్స్తీ.

ప్లగ్గు ఇస్తాలే, ఎక్కడికీ పోదు. తాగు ముందు. ఎక్కడున్నాను? ఆఁ, ఇప్పుడు కళ్ళజోడు సంగతి. మా నానమ్మకి సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఒకరోజు బయట్నించి లోపలికి వచ్చింది, అద్దాలు తెల్లగా ఆవిరి పట్టాయి. తుడుచుకునే లోపు కుక్కలు కొట్టుకుంటున్నాయని మళ్ళీ బయటికి పరిగెత్తింది. ఆ ఆవిరి అలాగే మంచై అతుక్కుంది. గుడ్డిదానిలా నిలబడి కుక్కల్ని వదిలేసి కట్టెలమోపుని తిడుతోంది. మేమంతా నవ్వుతున్నాం. అత్త నవ్వలేదు. దగ్గరికెళ్ళి ఆ అద్దాన్ని గోటితో గీకి, "ఇదన్నమాట నా బండికొచ్చిన రోగం" అంది.

ఆ తర్వాత బండి మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. రాత్రిపూట రెండు దుంగల మీదికి ఎక్కించేది, కింద మంచుకి అతుక్కోకుండా. పైన తోలు. చలిలోది చలిలోనే ఉండనీ అనేది. ప్లగ్గు ఒక్కటి మాత్రం విప్పి రవికలో, ఒంటికి తగిలేలా పెట్టుకుని పడుకునేది. పొయ్యి మీద పెట్టచ్చుగా అంటే, మరీ కాలితే బయట చలికి దాని తెల్లటి పింగాణీ చిట్లుతుంది, ఒంటి వేడి చాలు దానికి అనేది. ఊళ్ళో ఊరుకుంటారా. "మొగుడు పోయాక రావ్నా ప్లగ్గుతో కాపరం చేస్తోంది" అని మగవాళ్ళు ఒకటే ఇకఇకలు. ఆవిడ దుకాణం ముందు నిలబడి అందరూ వినేలా, "అవును, ఇది గురకపెట్టదు, పొద్దున్నే లేస్తుంది, మీలో ఎవరున్నారు అలాగ" అంది.

మళ్ళీ చలికాలం. మిహ్కల్ ఆ ఏడాది కొత్త బండి కొన్నాడు. దానికో కొట్టం, కొట్టంలో పొయ్యి. నా బండి నాకంటే వెచ్చగా పడుకుంటుంది అని చెప్పుకు తిరిగాడు. దొడ్డి రోజు తెల్లవారింది. అత్త ముందు ప్లగ్గు లేకుండానే తాడు నాలుగుసార్లు మెల్లగా లాగింది, లోపల జిగురుకట్టిన నూనె కాస్త వదులవ్వాలిగా. ప్లగ్గు పెట్టే రంధ్రంలో రెండు చుక్కల పెట్రోలు. అప్పుడు రవికలోంచి ప్లగ్గు తీసి బిగించి, ఇంజన్లోకి గాలి పోయే దారి మూసి ఒక్క లాగు. తుమ్మింది. ఇంకో లాగుకి అందుకుంది. పక్కింటి ముందు మిహ్కల్ చెమటలు కక్కుతూ లాగుతున్నాడు, కొత్త బండి కిక్కురుమనలేదు. అత్త పక్కన ఆపి, "దాన్నీ ఇంట్లో పెట్టుకుని పాలు పట్టావా మరిదీ?" అంది. "వదినా, నన్ను ఎక్కించుకో" అన్నాడు. "ప్లగ్గు విప్పి చొక్కాలో పెట్టుకో, అది వేడెక్కేలోపు నేను పోయొస్తా" అని నన్ను వెనక కూచోబెట్టుకుని పోయింది.

దొడ్డిలో తన దూడలన్నిటికీ తన గాటు కోసింది. నేను పట్టుకోవడం, ఆవిడ కొయ్యడం. ఆ తర్వాత మిహ్కల్ దూడలు మిగిలాయి, తల్లుల వెనక తిరుగుతూ. ఎవరో అన్నారు, "రావ్నా, కత్తి చేతిలోనే ఉందిగా, నీకూ జాలెయ్యడం లేదా?" అని. అందరూ చూస్తున్నారు. ఆవిడ ఒక దూడని మోకాళ్ళ మధ్య అదిమిపట్టి కోసింది. వదిలేశాక చూస్తే మిహ్కల్ గాటు. అన్నిటికీ అదే. వాడు స్కీల మీద రొప్పుతూ వచ్చేసరికి కత్తి తుడుచుకుంటోంది. "చూసుకో, వంకరపోతే చెప్పు" అంది. మంచితనం అనుకోకు. వాడు బతికున్నన్నాళ్ళూ తన దూడల చెవులు చూసినప్పుడల్లా ఆవిడ కత్తే కనబడింది. మంద కలిపెయ్యమన్న మాట మళ్ళీ ఆ నోట రాలేదు.

అత్త పోయింది ఎండాకాలంలో, దోమల రోజుల్లో. పిల్లల్లేరు. ఆ చెవిగుర్తు మీ అమ్మకిచ్చింది, మీ అమ్మ నీకిచ్చింది. ఇవాళ నువ్వు కొయ్యబోయేది ఆ గాటే.

ఆఁ, ఇస్తున్నా. తుడవడానికి ఇంతసేపా అంటే... తుడవడం ఎప్పుడో అయిపోయింది. చొక్కా గుండీ విప్పనీ. ఇదిగో, గుప్పిట్లో పట్టుకో. బండి దగ్గరికి చేరేదాకా గుప్పిట తెరవకు. వెళ్ళు, వెళ్ళు, తలుపు వేసుకుంటూ పో, ఇల్లంతా చలి.