మూడు సర్వర్లూ బిల్డు బాబాయీ

ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడంటే బిల్డు బాబాయ్ నోటికి ఇక తాళం ఉండదు. ప్రోగ్రామర్లు రాసిందంతా ప్యాకేజీగా, వాళ్ల మాటలో బిల్డుగా, కట్టి సర్వర్లకు పంపడం ఆయన పని. ఇప్పటి కస్టమర్ దగ్గర మూడు రకాల సర్వర్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తీరు సెట్టింగులు. ఈ సాయంత్రం నాలుగింటికల్లా మూడింటినీ లేపి నడిపించినవాళ్లే కొత్త టీం లీడని మేనేజరు పొద్దున్నే చెప్పాడు. ఆ కుర్చీ తనదేనని బాబాయ్‌కి రవ్వంత అనుమానం లేదు. మూడు ప్యాకేజీలూ మధ్యాహ్నానికే పంపేశాడు మరి!

"పాత ఆఫీసులో ముందు ఒక్క సర్వరేనయ్యా," అన్నాడు టీ ఊదుకుంటూ, చుట్టూ చేరిన ఆఫీసు జనంతో. "దానికి బిల్డు కట్టలేక జనం కిందా మీదా పడుతుంటే నేను అరగంటలో కట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కదానికీ కట్టమన్నారు, కట్టా, దాని పక్కదానికీ కట్టా, అలా కడుతూ పోతే సాయంత్రానికి నలభై! నలభైకీ నలభై రకాల సెట్టింగులు, కాగితం మీద రాసుకున్నానా? అబ్బే, అన్నీ ఇక్కడే," అని నుదురు తట్టుకున్నాడు.

"నలభయ్యే!" అన్నాడు డేటాబేస్ తమ్ముడు.

"అది మొదటిరోజు మాట. ఏడాది తిరిగేసరికి నాలుగొందలు. మీట నొక్కడం కూడా మానేశా, దగ్గితే చాలు, బిల్డు మొదలయ్యేది. ఓసారి జలుబు చేసి తుమ్మానా, పక్క కంపెనీ సర్వర్లక్కూడా వెళ్లి కూర్చుంది! పోట్లాటకొస్తారనుకున్నా. మాదానికంటే ఇదే బాగుంది, ఉంచుకుంటామని కాళ్లావేళ్లా పడ్డారు."

"మరి రెండో తుమ్మొస్తే?" అన్నాడు తమ్ముడు.

"పాత బిల్డు తిరిగొచ్చేసేది. అందుకే ముక్కు పట్టుకుని ఆపుకునేవాణ్ణి."

అందరూ పడీపడీ నవ్వారు. ఇందాకట్నుంచీ పక్కనే నిలబడి వింటున్న టెస్టింగ్ చెల్లెమ్మ మాత్రం నవ్వలేదు.

"బాబాయ్, మీరు పంపిన మూడు ప్యాకేజీలూ విప్పి చూశా. లోపల సరుకు ఒక్కటే. పేర్లే మూడు."

బాబాయ్‌కి పొలమారింది. నిజమే. ఒకటి కట్టి, దాన్నే కాపీ కొట్టి పేర్లు మార్చాడు. సెట్టింగుల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని మరిచేపోయాడు. అయినా గొంతు తగ్గించలేదు.

"ఓస్, అంతేనా! నాలుగు కావడానికి ఇంకా అరగంటుంది. నాకు పది నిమిషాలు చాలు."

"అదీ అక్కర్లేదు. సెట్టింగులు మార్చి మూడూ నేనే మళ్లీ కట్టి పంపా. మూడూ లేచాయి, మేనేజరు చూశారు కూడా." ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "రేపట్నుంచి మీరు నా టీంలో, బాబాయ్. తీరిగ్గా టీ తాగే రండి."