ముల్లు లేని కెమెరా

పాత కెమెరాలు అమ్మే చిన్న కొట్టు. గాజు బల్ల మీద రెండు కెమెరాలున్నాయి. బల్లకు ఇవతల ఇద్దరు అక్కచెల్లెళ్లు: కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేసే అక్క, డ్రైవింగ్ నేర్పే చెల్లెలు. అవతల కొట్టాయన.

“ఏమండీ, ఎడమవైపుది ఇంకోసారి చూపిస్తారా?”

“అక్కా, ఎడమవైపుది ఎన్నిసార్లు చూస్తావు? పాపం ఆయన చెయ్యి నొప్పి పుడుతుంది.”

“పర్లేదమ్మా, చూడనివ్వండి. మేడం, రెండూ ఒక్క కంపెనీవే. అక్కచెల్లెళ్ల లాంటివి. తేడా ఒక్కటే. ఈ కుడివైపు దాంట్లో వెలుతురు కొలిచే మీటరుంది. కన్ను పెట్టి చూస్తే ఓ పక్కన సన్నటి ముల్లు కనిపిస్తుంది. ఈ రింగు తిప్పుతుంటే ముల్లు కదులుతుంది. మధ్యకొచ్చి ఆగిందంటే నొక్కెయ్యడమే. ఫొటో చెడిపోయే భయం లేదు.”

“మరి ఎడమవైపుదానికి?”

“దానికి ముల్లు లేదు మేడం, మీటరు లేదు, బ్యాటరీతో పని లేదు. ఎండెంతుంది, నీడెంతుంది అన్నది మీరే చూసి అంచనా కట్టి పెట్టుకోవాలి.”

“అంచనా తప్పితే ఏమవుతుందో అది కూడా చెప్పండి మా అక్కకి.”

“తప్పితే సున్నం కొట్టిన గోడలా తెల్లగా రావచ్చు, లేకపోతే బొగ్గులా రావచ్చమ్మా. అది కూడా రీలు కడిగించిన తర్వాత గానీ తెలీదు.”

“విన్నావుగా. ఏమండీ, కుడివైపుది బిల్లు వెయ్యండి. బయట నా కార్లో నేర్చుకునే ఆవిడ ఒక్కతే కూర్చుంది. ‘రాకపోతే నేనే రివర్సు చేసి చూస్తా’ అంటోంది.”

“ఒక్క నిమిషం ఆగు చిన్నీ.”

“ఏం ఆగను? పొద్దస్తమానం వచ్చినవాళ్ల కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని ప్రాణాలు తీస్తావు. నీ వంతొచ్చేసరికి నీళ్లు నములుతున్నావు.”

“నేనెవరి ప్రాణాలూ తియ్యను.”

“నావి తీశావు. మళ్లీ చూడు, మళ్లీ చూడు అని.”

“కనపడని అక్షరాలన్నీ ఊహించి చెప్పేస్తుంటే మళ్లీ చూడమనక ఏం చేస్తాను? డ్రైవింగ్ నేర్పేదానివి కూడాను.”

“అయితే మేడం కళ్ల పరీక్ష చేస్తారన్నమాట. మీకు అంచనాలు కొత్త కాదు కదా మరి.”

“లేదండీ. మా పనిలో అంచనాకి చోటు లేదు. అంతా కొలతే.”

“అదే నేనూ అనేది. నువ్వు కొలతల మనిషివక్కా. కొలిచేది కొనుక్కో. స్పీడు మీటరు పీకేసిన కారిచ్చి పోనిమ్మంటే నేను పోనిస్తానా?”

“మేడం, నా మాట వినండి. రెండూ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి చూడండి. ఏది చేతికి నప్పిందో మీకే తెలుస్తుంది. ముందు మీటరున్నది పట్టుకోండి. ఆ, అలాగే. ఏం కనపడుతోంది?”

“ఎదురుగా మంగలి షాపు. అద్దం ముందు ఒకాయన కూర్చున్నాడు. సగం మొహానికి నురగుంది. ముల్లు బాగా కిందకుంది.”

“రింగు తిప్పండి. ఇంకొంచెం.”

“కదులుతోంది. ఎక్కువైంది. వెనక్కి... ఆ, మధ్యకొచ్చింది.”

“నొక్కక్కా మరి.”

“ఆయన లేచెళ్లిపోయాడు.”

“సగం గడ్డంతోనా?”

“ఫోనొచ్చినట్టుంది చిన్నీ. చెవి దగ్గర కూడా నురగే.”

“అలవాటైతే చెయ్యి దానంతటదే తిరుగుతుంది మేడం. కొత్తలో అందరికీ ఇంతే.”

“కొత్తేం కాదండీ. నాలుగైదు ఆదివారాలు పళ్ల డాక్టరుగారి కెమెరాతో తీశాను. దాంట్లోనూ ముల్లుంది. ఆ ముల్లు చూసుకోవడంతోనే సరిపోయింది నాకు. తలెత్తేసరికి అందరూ వీధి చివరికి వెళ్లిపోయేవారు.”

“ఎవరందరూ? ఏ ఆదివారాలు? ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తే ఎత్తకపోతే నిద్రపోతున్నావనుకున్నాను.”

“నడకకి వెళ్తున్నానే. కొంతమంది కెమెరాలు పట్టుకుని పొద్దున్నే వీధులన్నీ తిరుగుతారు. పాత తలుపులు, పాల సైకిళ్లు, అరుగు మీద పిల్లులు... ఏది కనిపిస్తే అది తీస్తారు. ఏమండీ, ఈ మీటరు లేనిది ఎలా పెట్టుకోవాలో చెప్పండి.”

“పెద్ద కష్టం కాదు మేడం. ఈ రింగు మీద అంకెలున్నాయి చూడండి, మంచి ఎండకి ఒక అంకె, మబ్బుకి ఒకటి, నీడకి ఒకటి. ఆ మూడు బుర్రలో పెట్టుకుంటే చాలావరకు గడిచిపోతుంది.”

“మబ్బంటే ఏ మబ్బు? పల్చగా తెర కట్టినట్టుండే మబ్బు వేరు, దూది పరిచినట్టుండే మబ్బు వేరు. రెండింటికీ ఒకే అంకె పెడితే ఎలా?”

“అక్కా, మబ్బుల్లో రకాలు నీకెప్పటి నుంచి తెలుసు?”

“నడకలో ఎవరో అంటుంటే విన్నాను.”

“ఎవరెవరొస్తారు ఆ నడకకి?”

“చెప్పానుగా, పళ్ల డాక్టరుగారు. ఆవిడ కూతురు. రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ. ఇంకొకాయన.”

“ఇంకొకాయనంటే?”

“వాతావరణం ఆఫీసులో పనిచేస్తారు. ఏమండీ, ఈ తోలు పట్టీ దీంతో పాటే వస్తుందా?”

“వస్తుంది మేడం. దేని పట్టీ దానిదే.”

“నాకిప్పుడర్థమైంది. ఆ నడక వాళ్లు నీకు బాగా నూరిపోశారు. మీటరున్నది వాడితే తక్కువ, లేనిది వాడితే గొప్ప. అంతేనా?”

“ఎవరూ ఏమీ నూరిపొయ్యలేదు. లెక్కల టీచరు కెమెరా అన్నీ అదే చేసుకుంటుంది, ఆవిడ నొక్కడమొక్కటే. ఎవరూ నవ్వరు.”

“నవ్వకపోతే మరి నీకీ తాపత్రయం దేనికి? ఏమండీ, మీరైనా చెప్పండి. మీ కొట్టే, మీ సరుకే. ఈ మీటరు లేనివి తీసుకెళ్లినవాళ్లు సుఖపడ్డారా?”

“అబద్ధమెందుకు చెప్పాలమ్మా. సగం మంది నెల తిరక్కుండా పట్టుకొచ్చేస్తారు. ‘ఏమండీ, రీలంతా నల్లగా వచ్చింది, దీన్ని తీసుకుని అది ఇవ్వండి’ అంటారు. ఇదే కెమెరా మూడుసార్లు తిరిగొచ్చింది. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నట్టు.”

“విను. అమ్ముకునే ఆయనే చెప్తున్నాడు. అసలు ఆయన కాదు, నేను చెప్తాను. నీ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? బావ వెళ్లిపోయిన తర్వాత నువ్వు నోరు తెరిచి ఎవర్నైనా ఏదైనా అడిగావా? ఫ్యూజు పోతే నువ్వే వేసుకున్నావు. అంత పెద్ద బీరువా, కింద దుప్పటి వేసి ఒక్కదానివే గది మార్చావు.”

“చిన్నీ, ఇదంతా ఇక్కడెందుకు?”

“ఇక్కడే చెప్పాలి. జ్వరమొస్తే ఆటో ఎక్కి నువ్వే ఆస్పత్రికి పోయి, తగ్గి ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేశావు. ఒక్క మాట చెప్తే రానా అని నేనేడిస్తే ‘అయిపోయిందిగా’ అన్నావు. నాకెంత కష్టమేసిందో తెలుసా?”

“తెలుసే. అప్పుడు తెలీలేదు గానీ, తర్వాత తెలిసింది.”

“అందుకే అంటున్నా. నీలాంటి దానికి మీటరున్నదే సరి. దాని పని అది చూసుకుంటుంది, నీ పని నువ్వు చూసుకోవచ్చు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.”

“అవును. అదే.”

“అదే అంటే? కుడివైపుదేగా?”

“ఏమండీ, ఎడమవైపుది ఇవ్వండి.”

“హమ్మయ్య... ఏదీ? ఎడమవైపుదా? నేను ఎడ్డెమంటే నువ్వు తెడ్డెమనాలని రాసుంది కాబోలు.”

“నీమీద పంతం కాదు చిన్నీ.”

“మరి దేనిమీద?”

“అమ్మా, గొడవెందుకు. మేడం మనసు దానిమీద పడింది. దానికీ ఒక దారుంది. ఇదిగో, చూశారా? అగ్గిపెట్టంత ఉంది, ఇది విడి మీటరు. కెమెరా నెత్తిన తగిలించుకుంటే చాలు, ఎంత వెలుతురుందో చెప్తుంది. దీంతో పాటు ఊరికే ఇస్తాను, తీసుకోండి మేడం.”

“చూశావా, మంచివాళ్లింకా ఉన్నారు. ఇవ్వండి, తగిలించండి.”

“వద్దండీ.”

“ఊరికే ఇస్తానంటుంటే వద్దేంటక్కా?”

“బరువు.”

“అగ్గిపెట్టె బరువా? పోనీ అది వద్దు. నీ ఫోనిటివ్వు. ఫోన్లోనే వెలుతురు కొలిచేది దొరుకుతుందిట, నిమిషంలో వేసిచ్చేస్తాను.”

“ఫోను జోలికి వెళ్లకు.”

“ఎందుకు వెళ్లకూడదు? అందులో ఏముంది?”

“ఏం లేదు. వద్దన్నాను, అంతే.”

“మేడం, పోనీ ఈ అట్టముక్కైనా ఉంచుకోండి. ఎండకెంత, మబ్బుకెంత, నీడకెంత అని అచ్చు వేసుంటుంది. సంచీలో పడేసుకుంటే ఎప్పుడైనా అక్కరకొస్తుంది.”

“అది కూడా మీ దగ్గరే ఉంచండి. ఇంకెవరికైనా పనికొస్తుంది.”

“అలాగే మేడం. రీలు ఎక్కించనా?”

“ఎక్కించండి.”

“మీరేంటండీ, అలా నవ్వుకుంటూ రీలు ఎక్కిస్తున్నారు? మీకేమైనా అర్థమైందా?”

“నాకేం అర్థమవుతుందమ్మా? నాకు తెలిసింది రీలు ఎక్కించడం. మేడం, ఆదివారానికే కదా?”

“అవునండీ.”

“ఆదివారం చినుకులు పడొచ్చంటున్నారు.”

“లేదు, పడవు. మధ్యాహ్నం దాకా పల్చటి మబ్బేనట.”

“అక్కా, ఇటు చూడు. కెమెరాలో మీటరొద్దన్నావు. విడి మీటరు ఊరికే ఇస్తే వద్దన్నావు. ఫోన్లో వద్దు, చివరికి అట్టముక్క కూడా వద్దు. రేపు ఆదివారం నడివీధిలో నిలబడితే వెలుతురెంతుందో నీకెవరు చెప్తారు?”

“ఆయన చెప్తారు.”

“ఏ ఆయన?”

“వాతావరణం ఆఫీసాయన. మెడలో మీటరు వేసుకుని వస్తారు. దాన్ని మన మొహం దగ్గరగా పెట్టి చూసి, అంకె చెప్తారు.”

“అందరికీనా?”

“అడిగినవాళ్లకి.”

“అక్కా, నువ్వు అడుగుతావా?”

“కెమెరాలోనే మీటరుంటే ఇంక ఏమని అడగను చిన్నీ?”