పెంచలయ్య పద్నాలుగో అడుగు

వెంగమ్మ ఉండాది చూడండి, చెక్కభజన గురువు పెంచలయ్య కూతురు, ఆ మనిషి నెల్లూరు రొట్టెల పండక్కి పోయి మోకాళ్ళ లోతు నీళ్ళలో మూడు రోజులు నిలబడిందంట. ఎందుకు నిలబడిందో చెప్తా, అందరూ కాస్త ముందుకు జరగండి, ఆ గోడకానుకున్న అమ్మని కాళ్ళు చాపుకోనీండి, పాపం మోకాళ్ళ నొప్పులు. ఆ. పెంచలయ్య అంటే ఎవురనుకున్నారు? మన పడమటి పల్లెల్లో చెక్క పట్టినోడల్లా ఆయన చేతికింద నేర్చుకున్నోడే. చెక్కలు తెలుసు గదా, అరచెయ్యంత కొయ్యలు, మధ్యలో ఇత్తడి బిళ్ళలు, ఆడిస్తే ఘల్లుమంటాయి. చేతిలో చెక్క, కాలికి గజ్జె, నోట్లో రాముడు. ఆయన భజనకి పద్నాలుగు అడుగులంట. రాముడు అడివిలో ఉన్నది పద్నాలుగేళ్ళు గదా, ఏడాదికొక అడుగనుకో. పదమూడు అడుగులు జట్టంతా వేస్తారు. పద్నాలుగోది, రాముడు అయోధ్యకి తిరిగొచ్చే అడుగు, అది గురువు ఒక్కడే వెయ్యాల. తన తర్వాత గురువయ్యేవాడికి తప్ప ఇంకెవురికీ నేర్పకూడదు, అదీ వాళ్ళ పద్ధతి. ఆ తర్వాతి గురువెవురో తేల్చుకునే లోపల పెంచలయ్య గుండె ఆగిపోయింది. రామ రామ.

అయితే స్వామి దయ ఏమైందంటే, ఆయన పోయే ముందటేడు శ్రీరామనవమికి ఫోటో జిలాని వచ్చి వీడియో తీసినాడు. పెళ్ళిళ్ళకి వీడియో తీసే జిలాని, భుజానికి ఇంత కెమెరా వేసుకోని, పందిట్లో ఆడోళ్ళు భోంచేసేటప్పుడు మొహం మీదకి లైటు కొట్టేవాడు చూడండి, ఆయనే. డబ్బుల్లేకుండా తీసినాడంట. "గురువుగారి భజనకి నేను కూలి తీసుకుంటే నా చెయ్యి పడిపోద్ది" అన్నాడంట. తీసి, కేసెట్టు తెచ్చి మన మండలం లైబ్రరీకి ఇచ్చినాడు. అప్పుట్లో లైబ్రరీలో ఒక టీవీ, కేసెట్లు ఆడించే పెట్టె ఉండేవి. ఏటా నవమి రోజు లైబ్రేరియన్ పినాకపాణి సారు ఆ కేసెట్టు ఆడిస్తే ఊరంతా బెంచీలు చాలక కింద కూర్చోని చూసేది. పెంచలయ్య టీవీలో చెక్క ఎత్తగానే ముసలోళ్ళు లేచి దణ్ణం పెట్టేవాళ్ళు. అట్టా ఎన్నేళ్ళో. ఒక నవమికి ఏమైందంటే, పదమూడో అడుగు అయిపోయి పద్నాలుగోది మొదలయ్యే చోట పెట్టె కర్రుమని ఆగిపోయింది. పొగొచ్చింది. కేసెట్టుని మెల్లిగా లాగి తీసినారు. పెట్టె బాగుచేసేవాడు లేడు, అట్టాంటి పెట్టెలే పోయినాయి లోకంలో. ఆగిన కేసెట్టుని ఆగిన చోటే ఉంచి, పట్టుగుడ్డలో చుట్టి ఇనప బీరువాలో పెట్టినారు. అప్పుట్నించీ నవమి వస్తే బీరువా తెరవడం, కేసెట్టుకి గంధం, పసుపు, బొట్టు, రెండు చేమంతులు, కర్పూరం. మళ్ళీ బీరువా మూసెయ్యడం.

ఇప్పుడు వెంగమ్మ సంగతి. ఆమెకి నలభై దాటినాక బుద్ధి పుట్టింది, నాయన జట్టు చెదిరిపోయింది, నేనన్నా నిలబెడదామని. ఆడపిల్లల్ని పన్నెండు మందిని చేర్చి చెక్కలు చేతికిచ్చింది. ఆడోళ్ళు చెక్కభజన చేసేదేందని నలుగురూ నవ్వినారు. నవ్వనీ అనింది. నాయన పాత శిష్యుల దగ్గిరికి పోయి పదమూడు అడుగులూ పట్టేసింది. పద్నాలుగోదానికొచ్చి ఆగిపోయింది, అది గురువు వేసేటప్పుడు శిష్యులు తల దించుకోని దణ్ణం పెట్టేవాళ్ళంట. "కేసెట్టులో అన్నిసార్లు చూశావు గదమ్మే" అని పక్కింటామె అంటే కంట నీళ్ళు పెట్టుకుందంట. "నేను నాయన మొహం చూసినాను గానీ కాళ్ళు చూళ్ళేదక్కా" అనిందంట. అంతే గదా మరి, పోయిన నాయన టీవీలో నవ్వతా ఉంటే ఏ కూతురు కాళ్ళు చూస్తది?

నేరుగా పినాకపాణి సారు దగ్గిరికి పోయి, సారూ, నెల్లూర్లో పాత కేసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు ఉన్నారంట, మన కేసెట్టు ఎక్కిద్దాం అనింది. సారు ఎట్టాంటి మనిషో మీకు తెలుసు. లైబ్రరీ పెన్నుతో సొంత ఉత్తరం రాసుకోడు. ఆయన కేసెట్టు తెచ్చి, దాని మీద ఉన్న స్టిక్కరు చూపించినాడు. ఎర్రక్షరాల్తో రాసి ఉంది, ఈ కేసెట్టును కాపీ చేయడం చట్టరీత్యా నేరం, అని. ఏటేటా బొట్లు పెట్టినాం గానీ ఆ అక్షరాల మీద ఒక్క బొట్టూ పడనీలేదు లెండి. "చూడమ్మా, తీసినాయన రాసిపెట్టినాడు. ఆయన అనుమతి లేకుండా నేను చెయ్యలేను" అన్నాడంట. "సారూ, అడుగులు మా నాయనవి గదా?" "అడుగులు మీ నాయనవే తల్లీ, బొమ్మ ఆయనది. ఒకరి కష్టం చెప్పకుండా తీసుకోని రేపు ఆ పైవాడి ముందు ఎట్ట నిలబడను?" "అయితే జిలానీనే అడగండి." "అడుగుతా. రిజిస్టరు పోస్టులో అడుగుతా." అడిగినాడు కూడా. జిలాని ఎప్పుడో స్టూడియో మూసేసి ఊరొదిలి పోయినాడు. ఈ చిరునామాలో లేరు అని ఉత్తరం తిరిగొచ్చింది. ఇంకో చిరునామా కనుక్కోని మళ్ళీ రాసినాడు. అదీ వచ్చింది. ఆయన రాయడం, అది తిరిగి రావడం, ఈమె పోయి "ఏమైంది సారూ?" అనడం, "ఇంకోటి రాసినా తల్లీ" అనడం. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ నవమికి గంధం, పసుపు, చేమంతులు మాత్రం తప్పలా.

అప్పుడు వెంగమ్మకి తట్టిందంట, జిలాని యాడున్నా రొట్టెల పండక్కి రాకుండా ఉండడని. దర్గా పక్కన చెరువులో దిగి, కోరిక తీరినోళ్ళు రొట్టె ఇస్తా ఉంటే కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు గదా, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అని అరస్తా ఉంటారు. ఈమె దిగి "అడుగు రొట్టె ఎవురన్నా ఇస్తారా?" అనిందంట. పక్కామె, అట్టాంటి రొట్టె లేదు గానీ చదువు రొట్టె తీసుకోమ్మా, నేర్చుకునేదేదైనా చదువే, అని చేతిలో పెట్టిందంట. చూడండి ఎంత మంచి మాటో. ఆ రొట్టె కళ్ళకద్దుకోని తిని, మూడు రోజులు ఆ జనంలో "ఫోటో జిలాని తెలుసా, ఫోటో జిలాని తెలుసా" అని కనపడిన తెల్లగడ్డాన్నల్లా అడిగింది. మూడోరోజు ఒక గడ్డం ఆగి "నేనే, ఏ పెళ్ళి తాలూకమ్మా?" అనిందంట.

సంగతంతా చెప్పింది. ఆయన ముందు నవ్వినాడంట. "ఆ స్టిక్కర్లు నేను వెయ్యి అచ్చేయించినానమ్మా. పెళ్ళోళ్ళు పక్క స్టూడియోకి పోయి చవగ్గా కాపీ చేయించుకుంటా ఉంటే, వాళ్ళని బెదిరించడానికి. గురువుగారి కేసెట్టుకి కూడా అలవాటు కొద్దీ అంటించేసుంటా." ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "దాన్ని చూసి సారు నాలుగేళ్ళు ఆగినాడా?" అన్నాడంట. ఆ రోజే బస్సెక్కి ఇద్దరూ మన లైబ్రరీకి వచ్చినారు. జిలాని సారు చేతులు పట్టుకోని "నన్నడగాల్సిన పనేంది సారూ, ఈ కేసెట్టు నేను మీకిచ్చేసిందే గదా" అన్నాడు. అయినా సారు కాయితం పెట్టి సంతకం తీసుకున్నాడు. అదీ అయినాక బీరువా తెరిచినారు.

పట్టుగుడ్డ విప్పితే కేసెట్టు దేవుడి పటం మాదిరే ఉంది, పచ్చగా, ఎర్రగా. జిలాని దాని మూతి రెక్క ఎత్తి చూసినాడు. లోపల టేపు మీద తెల్లగా బూజు. గంధం తడికి పట్టిన బూజంట అది. పసుపు కూడా దిగింది. ఆ రోజు పెట్టె ఆగినప్పుడు ఎవురూ వెనక్కి తిప్పలేదు గదా, రెక్క వెనకాల బయటికి తెరుచుకోని ఉన్నది సరిగ్గా పద్నాలుగో అడుగుండే ముక్క. నెల్లూరు తీసకపోయినారు, దూదితో తుడిపించినారు, ఆరబెట్టించినారు, జిలాని దగ్గిర కూర్చోని తన బిడ్డకి స్నానం చేయించినట్టు చేయించినాడంట. ఆడించినారు. మొదటి అడుగు వచ్చింది. రెండోది. ఆ పెంచలయ్య, ఆ నవ్వు, ఆ ఘల్లు. వెంగమ్మ ఈసారి మొహం చూడలేదంట, కాళ్ళే చూస్తా కూర్చుందంట. పదమూడో అడుగు అద్దంలో మాదిరి కనపడింది. పెంచలయ్య జట్టుని వెనక్కి ఉండమని చెయ్యి చూపించి, తనొక్కడే ముందుకొచ్చి, కుడికాలు ఎత్తినాడు. అంతే. తెల్లగా గీతలు, బుసబుసమని చప్పుడు, టేపు తెగిపోయింది. ఎత్తిన కాలు యాడ దించినాడో రాముడికే తెలియాల.

సారు ఆ తర్వాత నెల రోజులు సరిగ్గా తిండి తినలేదంట. ఇంకోటి కూడా జరిగింది, చెప్పకపోతే కథ పూర్తి కాదు. జిల్లా నుంచి ఒక మేడమ్ తనిఖీకి వస్తే సారు తన పాపం చెప్పుకున్నట్టు ఇదంతా చెప్పినాడంట. ఆమె లేచి, ఆ లైబ్రరీలోనే గోడవైపు అరలో ఉన్న చట్టం పుస్తకం తీసి చదివి వినిపించింది. జనం చదువుకునే లైబ్రరీ, లాభం చూసుకోని లైబ్రరీ, తన దగ్గిరున్న వస్తువు పాడవకుండా దాచుకోడానికి కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చంట. దానికి ఎవుర్నీ అడగక్కర్లేదంట. అమ్ముకోకూడదు, ఊరూరా పంచకూడదు, అంతవరకే. "నాలుగేళ్ళ క్రితమే చేసుండచ్చు సార్" అనిందంట. సారు ఆ పుస్తకం వెనకట్ట తిప్పి చూసినాడు. అది వచ్చినప్పట్నించి ఒక్కరూ ఇంటికి తీసకపోలా, తారీకు ముద్ర ఒక్కటీ లేదు. ఊరికంతా పుస్తకాలు తీసిచ్చిన మనిషి, తనకి కావాల్సిందాన్ని తను తీసుకోలా. సారు పోయి వెంగమ్మ కాళ్ళ మీద పడబోతే ఆమె వెనక్కి జరిగి, "వద్దు సారూ, మీరు దొంగతనం చెయ్యకూడదనుకున్నారు, అంతే గదా" అనిందంట. అన్నంత మాత్రాన ఆమెకి నొప్పి లేదనుకునేరు.

ఇప్పుడు నవమికి ఆ పిల్లలు భజన చేస్తే చూడండి. పదమూడడుగులు వేస్తారు, నేల అదిరిపోద్ది. ఆ తర్వాత వెంగమ్మ ముందుకొచ్చి కుడికాలు ఎత్తి, అట్టనే నిలబడిపోద్ది. చెక్కలు మాత్రం ఘల్లుమంటా ఉంటాయి. సొంతంగా ఒక అడుగు కల్పించి పెట్టమ్మా, ఎవురికి తెలుస్తది, అన్నారు కొందరు. "మా నాయనది కాని అడుగు మా నాయన పేరు మీద ఎట్ట వెయ్యను?" అనిందంట. పినాకపాణి సారు ఆ మాటకి తలొంచుకున్నాడంట, ఆయన మాటే గదా అది. ఆమె కాలు దించినాక మంగళహారతి పాడేస్తారు. మన ఊళ్ళో రాముడు ఇంకా అడివి దాటి రాలేదన్నమాట.

కథ అయిపోయింది, లేవబోకండి, ఒక్క ముక్కుంది. సారుని తిట్టుకుంటా పోతారని చెప్తున్నా. ఆయన ఆపిందెంత, నాలుగేళ్ళు. ఆ కేసెట్టుకి గంధం పుయ్యండి సారూ, అంత పుణ్యమూర్తి ఉన్నాడు అందులో, అని మొదటి ఏడు గిన్నెలో గంధం తీసుకోని పోయింది ఎవురనుకున్నారు? నేనే. తడిగంధం, చిక్కగా, నా చేత్తో తీసిందే. మరి ఆ పూటకి నాకు దాంట్లో తప్పేమీ కనపళ్ళా, పైగా ఎంత బాగుందో అనుకున్నా. రాముడు క్షమించినాడనే అనుకుంటున్నా, వెంగమ్మని మాత్రం ఇంకా అడగలేదు. సరే, చీకటి పడకముందే ఇళ్ళకి పోండి, పోయి మీ బీరువాల్లో బొట్టు పెట్టి దాచిందేదన్నా ఉంటే ముందు దాన్ని ఒకసారి ఆడించి చూసుకోండి. దణ్ణాలు తర్వాత పెట్టుకోవచ్చు.