బల్ల దాకా వచ్చిన వెలుగు

ఏలూరు, 2008. ఊళ్ళో అందరూ ‘జపాన్ ఇల్లు’ అని పిలిచే ఇంటి వంటగది. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు రాజరత్నం భార్య కెజియా, ఆ ఇల్లు కట్టిన ఆర్కిటెక్టు నదీమ్.

"పడితే ఒక్కసారే కదా అమ్మగారూ మాస్టారు పడ్డారు..."

"ఒక్కసారే! ఎంత తేలిగ్గా అనేశావు బాబూ! ఇంకోసారి పడితే మరి లేవరమ్మా అని డాక్టరుగారు నా మొహం మీదే చెప్పేశారు. తుంటిలో రాడ్డు వేశారు. మెల్లగా మాట్లాడు, ఇప్పుడే కునుకు పట్టింది ఆయనకి. టీ తాగు, చల్లారిపోతోంది."

"ఎక్కడ పడ్డారండీ?"

"ఎక్కడేంటి, నువ్వు కట్టిన మండువాలోనే. పడగ్గదిలోంచి వంటగదికి రావాలంటే ఆకాశం కింద నడిచి రావాలి కదా మీ జపాన్ ఇంట్లో. గదికీ మండువాకీ మధ్య గడప లేదు. గచ్చు అలా నున్నగా వెళ్ళిపోయి ఉన్నట్టుండి జానెడు కిందికి దిగుతుంది. కళ్ళున్నవాళ్ళకి అందమే. కళ్ళు లేనాయన కాలికి ఏం తెలుస్తుంది, గది ఎక్కడ అయిపోయిందో?"

"గడప వద్దన్నది మాస్టారేనండీ. గదికీ వానకీ మధ్య అడ్డం ఉండకూడదన్నారు."

"అన్నారు, అన్నారు. అప్పుడు చూపుంది కాబట్టి అన్నారు. షుగరు కళ్ళు తినేస్తుందని ఆయనకేం తెలుసు, నీకేం తెలుసు. నిన్ను తప్పు పట్టడం లేదులే."

"పట్టినట్టే ఉందండీ."

"పట్టాననుకో. ఏం, పట్టకూడదా? నువ్వు వైజాగ్ కాలేజీ నుంచి ఆ జపాన్ ఇళ్ళ పుస్తకం తెచ్చి చూపించకపోతే ఆయనకి ఈ పిచ్చి పట్టేదా? ఉట్టి సిమెంటు గోడ, దాని మీద చీలికంత ఎండ. అంతే బొమ్మ. ‘మనిషికి ఇంతకంటే ఇల్లు అక్కర్లేదు కెజియా’ అన్నారు. ఇల్లయ్యాక ఒక్క క్యాలెండరు తగిలించుకుంటానంటే మేకు కొట్టనిచ్చారా గురుశిష్యులిద్దరూ? మా అక్క రత్నమాణిక్యం ఇంటి ప్రతిష్ఠకొచ్చి, ‘పూత ఎప్పుడు పూయిస్తారే?’ అని అడిగింది. పూత లేదక్కా, ఇదే ఇల్లు అంటే నోరు తెరిచేసింది."

"గడప కట్టిస్తానండీ. రేపే మేస్త్రీని..."

"కట్టనివ్వరు. అడగలేదనుకున్నావా? గోడ పొడుగునా పట్టుకు నడవడానికి కడ్డీ వేయిస్తానన్నాను. నా గోడ జోలికి రాకు అన్నారు. నిన్ను పిలిచింది గడప కోసం కాదు బాబూ."

"మరి?"

"ఆయన్ని తాడేపల్లిగూడెం తీసుకెళ్ళిపోతాను. మా అక్కా వాళ్ళది మామూలు పెంకుటిల్లు. వరండా ఉంది, వరండాకి స్తంభాలున్నాయి, గుమ్మానికి గడపుంది, మూలకో కుర్చీ ఉంది. తడుముకుంటూ పోతే చేతికి ఏదో ఒకటి తగులుతుంది. ఇక్కడ తగిలేదేముంది? ఎటు చెయ్యి చాపినా ఒకేలాంటి నున్నటి గోడే."

"రానంటున్నారా?"

"రానంటున్నారు. వెలుగు వదిలి రారట."

"వెలుగు... కనపడదు కదండీ ఆయనకి."

"కనపడదు, నేను చెబుతాను. పొద్దున్నే రాగిజావ పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చుంటానా, ‘ఎక్కడిదాకా వచ్చింది కెజియా?’ అంటారు. గోడ మీంచి దిగుతోందండీ అంటాను. జావ తాగాక, ‘ఇప్పుడో?’ అంటారు. బల్ల దాకా వచ్చిందండీ అంటాను. ఇంక అప్పుడు చూడాలి ఆయన మొహం."

"మంచిదే కదండీ."

"ఏం మంచి! వచ్చేటప్పుడు తలెత్తి పక్కకి చూశావా?"

"చూశానండీ."

"ఏం చూశావు?"

"...అపార్ట్‌మెంటు."

"నాలుగంతస్తులు. చేపల చెరువుల హనుమంతరావుగారిది. కొల్లేట్లో చెరువు గట్లు గవర్నమెంటు కొట్టించేశాక ఆయన ఇటొచ్చి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. మన తూర్పు గోడకి ఆనుకునే లేపారు. ఎండ రావడానికని నువ్వు ఆ గోడలో నిలువునా సందు వదిలావు చూడు, దానికి ఎదురుగా ఇప్పుడు వాళ్ళ మెట్ల గోడ. ఆయన గదిలో ఎండ పొడ పడి ఏడాది దాటింది."

"ఏడాదా? మరి మీరు రోజూ..."

"రోజూ అబద్ధమే. ప్రభువు క్షమించాలి. అపార్ట్‌మెంటు లేచేదాకా ఆయన అడగనే లేదు. సరిగ్గా ఎండ పోయాకే అడగడం మొదలుపెట్టారు, నా ఖర్మ! మొదట్లో మబ్బు పట్టిందండీ అనేదాన్ని. నడివేసవిలో ఎన్నాళ్ళు పడుతుంది మబ్బు? ఓ రోజు నోరు జారి వచ్చిందండీ అనేశాను. ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను."

"కట్టేటప్పుడు చప్పుళ్ళు వినపళ్ళేదా?"

"వెనక వీధిలో కడుతున్నారని చెప్పాను."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"నిజం చెప్పు ఆయనకి. వెలుగు లేదని తెలిస్తే ఈ ఇంట్లో ఆయనకింకేముంది, వస్తారు గూడెం. నా నోటితో చెప్పలేను బాబూ, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పిన నోరు కదా. నువ్వు కట్టినవాడివి, నువ్వు చెబితే నమ్ముతారు."

"అమ్మగారూ, నావల్ల..."

"నీవల్ల కాకపోతే ఇంకెవర్ని పిలవను? ఆయన పడ్డరోజు ఎంత అరిచానో తెలుసా? ఒక్కరికీ వినపళ్ళేదు. వీధి వైపు కిటికీ అనేదే లేదు కదా. పాలు పోసే పేతురు వచ్చి బెల్లు కొట్టేదాకా వానలో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ అలా కూర్చోలేను నేను. లేచినట్టున్నారు, దగ్గుతున్నారు. వెళ్ళు. నేను పచ్చడికి మిక్సీ వేసుకుంటాను, ఆ మాట నా చెవిన పడద్దు. గడప లేదు, చూసి దిగు."

మండువాకి అవతల, పడగ్గది.

"నదీమేనా?"

"నేనే మాస్టారూ. ఎలా పోల్చారు?"

"మెట్టు దగ్గర తడబడకుండా దిగి ఎక్కేది నువ్వొక్కడివేరా. నువ్వు పెట్టిన మెట్టే కదా. కూర్చో. కుర్చీ లేదు, మంచం మీదే కూర్చో. నా మీద ఫిర్యాదులన్నీ అయిపోయాయా మీ అమ్మగారివి?"

"గూడెం వెళ్ళచ్చు కదండీ."

"ఆ ముక్క చెప్పడానికేనా రాజమండ్రి నుంచి పిలిపించింది నిన్ను?"

"ఇంకో మాట కూడా ఉందండీ."

"కానీ."

"ఆ తూర్పు గోడ ఉంది కదండీ..."

"ఊఁ, ఉంది."

"ఆ సందులోంచి... అంటే, పక్కన..."

"స్కూల్లోనూ ఇంతే నువ్వు. గీత మొదలుపెట్టేవాడివి, చివరిదాకా లాగేవాడివి కాదు. మిక్సీ తిరుగుతోందా? తిరుగుతోంది. అయితే నేనే లాగేస్తాను విను. ఆ సందుకి ఎదురుగా, మంచం పక్క గోడ మీద చెయ్యి వెయ్యి."

"వేశానండీ."

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"టైమెంతయింది?"

"పది కావస్తోందండీ."

"కళ్ళు పోయాక కూడా ఈపాటికి ఆ గోడ వెచ్చబడేదిరా. చెయ్యి ఆనించుకుని కూర్చునేవాణ్ణి. ఆ వెచ్చదనం పైనుంచి మెల్లగా కిందికి, ఆ సిమెంటు బల్ల మీదికి దిగేది. పోయినేడు చల్లబడింది. మే నెలలో కూడా చల్లగానే ఉంది. పక్కన అంత మేడ లేస్తుంటే వెనక వీధి అని చెప్పింది పిచ్చిది. కళ్ళు పోయాయి గానీ చేతులూ చెవులూ పోలేదు కదా నాకు."

"మీకు తెలుసా!"

"మెల్లగా ఏడవరా!"

"తెలిసీ రోజూ ఎందుకడుగుతున్నారండీ?"

"గోడ చల్లబడ్డాకే అడిగాను. ఏం చెబుతుందో చూద్దామని. మబ్బు పట్టిందంది. సరే అన్నాను. తరవాతో రోజు, వచ్చిందండీ అంది. అప్పుడు ఏడుపొచ్చిందిరా నాకు."

"అయితే ఇంకెందుకు మాస్టారూ ఇక్కడ? వెళ్ళిపోండి. ఈ ఇంట్లో ఇంకేమీ లేదు. కట్టినవాణ్ణి, నేనే చెబుతున్నాను."

"నలభై ఏళ్ళు బొమ్మలు వేశాను. ఒక్కదాని దగ్గరైనా ఆగి చూసిందా ఆవిడ? నేను రంగులు కలుపుతుంటే, ఉప్పు అయిపోయిందండీ అనేది. ఇప్పుడు రోజూ నా పక్కన కూర్చుని గోడకేసి చూసి చెబుతోంది. లేని వెలుగుని నా కోసం చెబుతోంది. అది వినడానికే తెల్లారి లేస్తున్నాను. గూడెంలో గోడల నిండా క్యాలెండర్లు, ఫోటోలు. అక్కడేం చెబుతుంది నాకు?"

"ఏదో ఒకటి చెబుతారండీ."

"చెప్పదు. అక్కాచెల్లెళ్ళు లోపల మాట్లాడుకుంటారు, నేను వరండాలో స్తంభం పట్టుకుని కూర్చుంటాను."

"మళ్ళీ పడితే?"

"పడితే లేవను. అదీ తెలుసు."

"గడపైనా కట్టనివ్వండి మాస్టారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కడతావు. కడ్డీ కూడా వేస్తావు. అప్పుడు అది పట్టుకుని నా అంతట నేనే వంటగదికి పోతాను. ఇంక ఆవిడ జావ పట్టుకుని ఇటెందుకొస్తుంది?"

"అది కాదు మాస్టారూ..."

"మిక్సీ ఆగింది. వెళ్ళు. నేను నమ్మలేదని చెప్పు."

మళ్ళీ వంటగది.

"చెప్పావా?"

"చెప్పానండీ."

"ఏమన్నారు?"

"నమ్మలేదు."

"నువ్వు చెప్పినా?"

"నేను చెప్పినా."

"సరిగ్గా చెప్పావా అసలు? నాలుగంతస్తులనీ, మెట్ల గోడనీ..."

"అన్నీ చెప్పానండీ. మీరు చెప్పేదే నిజమన్నారు."

"నా మాటే నిజమన్నారా?"

"అన్నారండీ."

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా మాట నమ్మింది ఇదొక్కటే. చూశావా ప్రభువు ఆట! ఇంక ఎలా కదిలిస్తాను ఆయన్ని ఇక్కణ్ణుంచి? అయిపోయింది. ఎప్పుడో మళ్ళీ పడతారు, నేను మళ్ళీ అరుస్తాను."

"అలా అనకండి అమ్మగారూ."

"అనకపోతే ఆగుతుందా? ఊరుకో, నువ్వెందుకు కళ్ళు తుడుచుకుంటావు. బస్సు టైమయిందేమో, బయల్దేరు."

"వస్తానండీ."

"ఆగాగు. వెళ్ళేముందు నాకో సంగతి చెప్పి వెళ్ళు. రోజూ అవే రెండు ముక్కలు అప్పజెబుతున్నాను, ఎప్పుడో పట్టేస్తారు. రేపటికి కాస్త వేరేగా చెప్పాలి. ఆ వెలుగు ఎలా ఉండేది బాబూ?"

"ఎలా ఉండేదంటే... అదేంటండీ, ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ రోజూ పడేది కదా, మీరు చూడలేదా?"

"పొద్దున్నపూట పొయ్యి దగ్గర్నుంచి కదిలేదాన్ని కాదు. అది ఉన్నన్నాళ్ళూ నేనొక్కరోజూ చూడలేదు."