మూడు రాళ్ళు లేచిన కట్ట

హలో… ఆ, నేనే, బుల్లియ్యని. మా పిల్లేరు ఏటి పీక నొక్కింది మీరేనండి, శ్రీరామరాజు గారూ. ముందు ఆ మాట చెప్పేసి, మిగతాది తర్వాత మాట్లాడతాను.

… మర్యాదగానే మాట్లాడుతున్నాను. గారు అన్నానా లేదా?

… ఆయ్, అబ్రహాము కొట్లోంచే. మీరు ఫోన్ చేస్తారని అన్నం తిన్న కాణ్ణుంచి ఇక్కడే కూర్చున్నాం. బయట నలభై మంది ఉన్నారు. … పారలా? పారలతోనే వచ్చారు మరి. పేకాటకి పిలవలేదు.

… ఎందుకేంటండి. రేపు అమావాస్య. పొద్దున తొమ్మిదింటికి పోటు. ఈ కార్తెలో ఇంతకన్నా పెద్ద పోటు లేదు. ఆ నీళ్ళు మీ కట్ట దగ్గర ఆగిపోతే—

… మీ కట్టే. మరెవరిది?

… ఏమన్నారు? మళ్ళీ అనండి.

… 'కట్టింది మీ ఊరోళ్ళే'. ఆఁ, కట్టాం. కాదని ఎవరన్నారు? తొంభై ఆరు తుఫానుకి సగం ఊరు పోయింది. దొరకని వాళ్ళ కోసం మేమింకా బురదలో వెతుకుతుంటే, మీరు భీమవరం నుంచి జీపేసుకొచ్చి, ఏటి నోటికి అడ్డంగా మట్టి పోద్దాం, ఇక సముద్రం లోపలికి రాదు అన్నారు. తుఫానుకట్ట అని పేరు పెట్టారు. ఎగబడి మోశాం. మొదటి తట్ట నాదే. కొబ్బరికాయ కొట్టిందీ నేనే. ఏటి మీద పుట్టినోణ్ణి, మడ అడవి తాగేది ఆ పోటు నీళ్ళేనని ఆ రోజు నాకు తట్టలేదు. సముద్రం అంటేనే వణుకు అప్పుడు. అదే మా తప్పు. మీకు మాత్రం అన్నీ తట్టాయి, కట్ట చాటున రొయ్యల చెరువులు తవ్వుకున్నారు.

… రొయ్య. ఆ, చెప్పండి.

… తెల్లమచ్చ జబ్బు నిజమే. పక్క చెరువుల నీళ్ళు పోటుతో ఎక్కొస్తే మీ పంట పోతుంది. రెండేళ్ళు వరసగా పోగొట్టుకున్నారు, నాకూ తెలుసు. కానీ జబ్బుపడ్డ మీ చెరువు కడిగి ఆ నీళ్ళు ఎటు వదిలారు? మా ఏట్లోకే కదా. పీతలు వెల్లకిలా తేలితే మా ఆడాళ్ళు ఏరి పారబోశారు.

… ఎండిపోయిన అడవికి ఇప్పుడు నీళ్ళెందుకంటారా. మీరు కట్ట దిగి ఎప్పుడు చూశారండి? … జీపులోంచి కాదు. కిందకి దిగి.

… ఆ ఎండిన అడవిలో నాలుగు నెలలు కాలవలు తవ్వాం. చేప ముల్లు చూశారుగా, నడుమ వెన్ను, రెండు పక్కలా ఏటవాలుగా ముళ్ళు. అచ్చం అలాగే. ఏటి నుంచి పెద్ద కాలవ ఒకటి, దానికి పిల్ల కాలవలు ఇటూ అటూ. … ఏ ఇంజనీరూ చెప్పలేదు. అవతల పాయ దగ్గర అటవీ శాఖ వాళ్ళు తవ్విస్తుంటే సైకిలు మీద పోయి చూసొచ్చాను. లెక్కలు రావు నాకు. తాడుకి ముడులేసి కొలుచుకొచ్చాను.

… ఆఁ, కాలవలన్నీ ఎండే ఉన్నాయి. అందుకేగా ఈ గొడవ. గట్టున మిగిలిన ముసలి మడలు ఈ నెలలోనే గింజ రాలుస్తున్నాయి. చిక్కుడు గింజంత ఉంటాయి. పోటొచ్చి తేల్చుకుపోయి ఆ కాలవల్లో దింపితే, బురద పట్టుకుని లేస్తాయి. రాకపోతే ఉప్పు పెచ్చు మీద వేగిపోతాయి. ఇప్పటికే సగం వేగిపోయాయి.

… ఇరవై రోజులా? మీ రొయ్య పట్టి అమ్ముకునేదాకా? ఆ మాట గింజకి చెప్పండి, ఆగుతుందేమో.

… లేదండి. వచ్చే ఏడు గింజ రాల్చడానికి ఆ చెట్లుండవు. కొమ్మలు విరిచి చూశాను. లోపల పచ్చి లేదు.

… అబ్బులా? మా అల్లుడి ఊసు ఇప్పుడెందుకు? … మీ చెరువుల మీద కాపలా ఉన్నాడు, తెలుసు. … ఊరికే గుర్తు చేశారా. బాగుంది. అతను నాతో మాట్లాడి నెలైంది. కట్ట జోలికి పోవద్దు మావా అని కాళ్ళు పట్టుకున్నాడు. నేను వినలేదు.

… అదే చెప్తున్నాను. మీ తూముకి పలకలు దించేసుకోండి. మా పోటు నీళ్ళు మీ చెరువులోకి చుక్క రావు. మూడు రోజులు కొత్త నీళ్ళు పెట్టకపోయినా రొయ్యకేం కాదట, ఆ గాలి చక్రాలు తిప్పుతుంటే చాలని అబ్బులే—

… లేదు. నాకు నేనే అనుకున్నాను.

… రాజు గారూ. అతన్నేమీ అనకండి. ఇంట్లో నా కూతురితో ఏదో అంటే నా చెవిన పడింది. నోరు జారాను. తప్పు నాది.

… అంటే, నేను పార కింద పెడితే అతని పని ఉంటుంది. లేకపోతే లేదు. అంతేనా?

… అంతే. సరే, విన్నాను.

… ఏంటండి, నవ్వుతున్నారు?

… గంగమ్మ. ఆ. కట్ట మీద గంగమ్మ ఉంది, ఈ నలభై మందిలో ఒక్కడూ అక్కడ పార వెయ్యడు. ఇదేగా మీ ధైర్యం. నిజమే. అయిదేళ్ళూ నన్నాపింది మీరు కాదు, పోలీసులూ కాదు. ఆ మూడు రాళ్ళే. పెట్టింది మా ఊరి మరిడమ్మత్త. తుఫాన్లో పోయిన మొగుడు అక్కడే దొరికాడని, కట్ట లేచాక పైన రాళ్ళు నిలబెట్టి పసుపు రాసింది. ఊరంతా మొక్కింది. నేనూ మొక్కాను.

… పూర్తిగా వినండి. ఈ పొద్దున మరిడమ్మ తలంటుకుని కట్టెక్కింది. రాళ్ళు పెళ్ళగించి తట్టలో పెట్టుకుంది. ఎత్తడానికి చెయ్యి వెయ్యమంటే ఒక్కరూ కదల్లేదు, భయమేసి. నేనూ కదల్లేదు. తనే ఎత్తుకుని పాత రేవుదాకా నడిచి, మోకాటి లోతు నీళ్ళల్లో దింపింది. 'తల్లిని అయిదేళ్ళు ఎండబెట్టానురా' అంది. అంతే, ఇంకో మాట లేదు.

… ఇప్పుడు అక్కడ మూడు గుంటలున్నాయి. తతిమ్మాదంతా మట్టే.

… అలాక్కాదు. ఏం చెయ్యాలో నేను చెప్తాను. ముందు తూము పలకలు దింపించండి. మీ పొక్లెయిను గట్టు మీద ఖాళీగా పడుంది, దాన్ని ఇప్పుడే పంపండి. పొద్దుగూకేలోగా నడికట్టలో పది బారలు తెరవాలి. ఒట్టి పారలతో మాకు పోటు వేళకి అంత తెగదు. తెరిచింది మళ్ళీ పూడ్చకూడదు. నీళ్ళు వడగట్టుకోడానికి మీ పొలంలో మీరో చెరువు తవ్వుకోండి. అబ్బులు పని అబ్బులికి ఉంచండి. కేసు పెడితే నా ఒక్కడి పేరే రాయించండి, మొదటి తట్ట పోసినోడని.

… ఆలోచించడం కాదండి. పంపుతారా, పంపరా?

… హలో. … హలో.

పెట్టేశాడు, అబ్రహామూ. … వద్దు, మళ్ళీ కలపొద్దు. అందరూ లేవండి. మరిడమ్మత్తా, నువ్వు ముందు నడు. ఆ మూడు గుంటల కాణ్ణుంచే మొదలెట్టాలి.