మోచేతి చిరుగు

మంచం నిండా అమ్మకానికి తెచ్చిన పాత స్వెటర్లు. మనవరాలు ఫోన్ చూసి తల పట్టుకుంది.

"అమ్మమ్మా, పోయినవారం పంపిన నీలం స్వెటర్‌కి మోచేతి దగ్గర చిరుగు ఉండాలిగా?"

"ఉండేది. పెట్టెలో పెట్టేముందు నేనే కుట్టేశా. చిరుగుబట్ట పంపితే మన పరువేం కాను?"

"ఫోటోలో చిరుగు చూపించే అమ్మాను కదా. ఇది వేరేదని కొన్నావిడ గొడవ. ఇంకో ఫిర్యాదు వస్తే ఆన్‌లైన్‌లో నా కొట్టు మూసేస్తారు."

"మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. స్వెటర్ చెయ్యి లోపలివైపు తిప్పి చూడమను. నీలం దారం లేక నల్లదారంతో కుట్టా. ఆవిడ చిరుగు ఎక్కడికీ పోలేదు."

కాసేపటికి ఫోన్ మోగింది.

"చూసిందట."

"ఏమంటుంది?"

"ఇంట్లో చిరిగినవి ఇంకా ఉన్నాయట, మీ అమ్మమ్మ కుడుతుందా అంటోంది. కూలి ఇస్తుందట."

"పంపమను. నువ్వు మాత్రం ఇకమీదట నేను కుట్టాకే ఫోటో తియ్యి, తల్లీ."